గ్రంథంలో దాక్కున్న దయ్యం

నిరుడు బళ్లారి నుంచి సండూరుకు రోజూ ఆఫీసు బస్సులో వెళ్లేవాణ్ణి. పక్కన కూర్చునే ఎర్రిస్వామి దయ్యాల నవలలు చదువుతుంటే, "ఇంకా పిల్లోడివేనప్పా నువ్వు" అని అందరి ముందూ హేళన చేసేవాణ్ణి. నా చేతిలో మాత్రం లావుపాటి కన్నడ విమర్శ గ్రంథం ఉండేది.

ఒకరోజు ఖనిజం లారీ అడ్డం రావడంతో డ్రైవర్ గట్టిగా బ్రేకు వేశాడు. నా గ్రంథం కిందపడి, అందులో దాచుకుని చదువుతున్న తెలుగు దయ్యాల నవల బయటపడింది. బస్సంతా నవ్వింది. నేను తలెత్తలేకపోయాను.

ఎర్రిస్వామి ఆ నవల తీసి దుమ్ము దులిపాడు. "ఏందప్పా, పెద్ద పుస్తకం కడుపుతో ఉండాది! ఇది నేను చదవలేదు. అయిపోయినాక నాకియ్యి."

అక్కడే క్షమాపణ అడిగాను. నాకు దయ్యాల నవలలే ఇష్టమని ఇప్పుడు ఎవరికైనా చెబుతాను. ఈ వారం ఇద్దరం ఒకే నవల చదువుతున్నాం. "దయ్యం ఎవరో చెప్పద్దప్పా, నేనింకా ఆడికి రాలేదు" అని ఎర్రిస్వామి బతిమాలుతున్నాడు.