ఏడున్నరతో గుణకారం

ఐర్లండ్‌లో నా మొదటి చలికాలం అది. ఆసుపత్రి పేరూ ఊరి పేరూ చెప్పను. తప్పు నాది, వాటి పేరు పాడుచేయడం దేనికి?

మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీసి యంత్రంలో పెడితే రెండు నిమిషాల్లో చీటీ వస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఎంత, కార్బన్ డయాక్సైడ్ ఎంత, ఆమ్లం ఎంత అన్నీ అందులో ఉంటాయి. గుంటూరులో మేం నేర్చుకున్న కొలత వేరు, ఇక్కడి కొలత వేరు. ఇక్కడి అంకెను ఏడున్నరతో గుణిస్తే మన అంకె వస్తుంది. మన దగ్గర్నుంచి వచ్చిన డాక్టర్లం చాలామందిమి మొదట్లో పెదాలు కదుపుతూ ఆ లెక్క చేసుకున్నవాళ్లమే. నాకైతే చటుక్కున చేయగలనని కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ మధ్యాహ్నం ఉబ్బసంతో ఒకమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి, ఆ ఊళ్లోనే కాలేజీలో చదువుతోంది. ఒక్క మాట పూర్తిచేయలేనంత ఆయాసం. మొదటి చీటీలో కార్బన్ డయాక్సైడ్ మన లెక్కలో ఇరవై ఐదు. అంత వేగంగా ఊపిరి తీసుకునేవాళ్లకు అది తక్కువగానే ఉంటుంది. మందులిచ్చి, మాస్కుతో మందు ఆవిరి పట్టించి, గంట తర్వాత మళ్లీ రక్తం తీశాను. అయిదు పాయింట్ ఆరు వచ్చింది. గుణించాను. నలభై రెండు. చదువుకునే రోజుల నుంచీ కంఠతా వచ్చిన నార్మల్ అంకె! పరాయి దేశంలో మనూరివాళ్లు ఎదురైనట్టు సంబరపడ్డాను. ఆయాసం నెమ్మదించింది, ఛాతీలో పిల్లికూతలు కూడా ఆగాయి. ఎలా ఉందంటే "గ్రాండ్" అంది, బాగానే ఉందని. ఈ దేశంలో కాలు విరిగినవాడూ గ్రాండ్ అనే అంటాడని నాకప్పటికే తెలుసు. అయినా నమ్మాను, నమ్మాలని ఉంది కాబట్టి. చీటీ జేబులో పెట్టుకుని పక్క వార్డుకు వెళ్లాను.

నలభై నిమిషాలకు ఎమర్జెన్సీ పిలుపు వచ్చింది. ఆమె గుండె ఆగిపోయింది. మా సీనియర్ డాక్టరుది కరీంనగర్. ఆయన ఆ అమ్మాయి గుండె మళ్లీ కొట్టుకునేలా చేసి, వెంటిలేటర్ మీద పెట్టాక నేను జేబులోంచి తీసిచ్చిన చీటీ చూశాడు.

"నలభై రెండు నార్మలే కదన్నా," అన్నాను.

"నీకు నార్మల్, నాకు నార్మల్. గంత ఆయాసపడేటామెకు ఎట్ల నార్మలైతది చెల్లె? అలసిపోయింది ఆ పిల్ల. ఊపిరి తీస్కునుడు చాతగాకనే అది పెరిగింది. పిల్లికూతలు సుత గాలి ఆడకనే ఆగినయ్. అప్పుడే నన్ను పిలవాలె గద?"

నాకు తెలియని సంగతి కాదు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. లెక్క కుదిరిన ఆనందంలో మనిషిని చూడటం మరిచాను, సిగ్గులేనిదాన్ని.

నాలుగో రోజు మెదడు చనిపోయిందని తేల్చారు. డండాక్ అనే ఊరి నుంచి వచ్చిన తల్లిని కూర్చోబెట్టి, మా ఇద్దరి పైనున్న పెద్ద డాక్టరు ఏదీ దాచకుండా చెప్పాడు. నేనూ అక్కడే కూర్చున్నాను. నా మీద అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. ఆమె నావైపు తిరిగి ఒక్కటే అడిగింది.

"ఆ నలభై నిమిషాలూ నా బిడ్డ దగ్గర ఎవరున్నారు?"

ఎవరూ లేరని చెప్పాను.