నేను పోషించిన కంప్యూటర్ భాష

ఆ రోజుల్లో (మరీ ఎప్పుడో కాదు, నాకు ఇరవై ఆరేళ్లప్పుడు) ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే, నా పని కంటే ముందు ముత్తాతగారి సంగతి చెప్పేవాణ్ణి. పెదపాడు వైపు నాలుగు ఊళ్లకు ఆయన మాటే తీర్పు. ఎవరో దొరగారు పోషించలేక వదిలేసిన నాదస్వరం మేళాన్ని పిలిపించి, కొత్త బట్టలు పెట్టి, ఇకనుంచి వీళ్లు మావాళ్లని ఊరంతా దండోరా వేయించారట. మేళం వాళ్లు కూర్చోవడానికి చేయించిన పొడుగాటి టేకు బల్ల నా కాలానికీ మా వసారాలో ఉండేది. పొలాలు మాత్రం లేవు (సగం తాతగారి పేకాటకి, సగం నాన్నగారి మొహమాటానికి పోయాయి). ఆ బల్లా, వెన్ను వంచని అలవాటూ నా వాటాకి వచ్చాయి.

ఏలూరులో ఒక్కణ్ణే ఉంటూ చేపల చెరువులకు ప్రోగ్రాములు రాసేవాణ్ణి. చెరువులకు అన్నానుగానీ, నిజానికి ఒక్క చెరువుకే. ముదినేపల్లి రైతు ఒకాయనది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే తిరిగేలా రాసిచ్చాను. రాసింది ఒక ఓపెన్ సోర్స్ భాషలో. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. దాన్ని ఒక పెద్ద కంపెనీ పోషించేది. ఒకనాడు ఆ కంపెనీ, ఇక మేము చూడలేము, కావలసినవాళ్లు నడుపుకోండి అని ప్రకటించింది. ఇకమీదట తప్పులు దిద్దే దిక్కుండదన్నమాట. తెలివైనవాళ్లు వెంటనే వేరే భాష నేర్చుకున్నారు. నాకు మాత్రం వదిలేసిన మేళం గుర్తొచ్చింది. పైగా ఆ రైతు కూడా మారిపోతే నాకు చెప్పుకోవడానికి పనంటూ మిగలదు. ఆ భాష వాడేవాళ్లంతా ఇంటర్నెట్‌లో ఉత్తరాలు రాసుకునే చోట, "దీన్ని ఇకపై మా కుటుంబం పోషిస్తుంది" అని ప్రకటించి, అందుకోసం పెద్ద కంప్యూటర్ ఒకటి కొన్నాను.

సంతోషం, మీ కుటుంబంలో ఎంతమంది పనిచేస్తారని ఎవరో అడిగారు. రెండు రోజులు ఆలోచించి, ఒక్కణ్ణే అని రాశాను. ఒకరు చప్పట్ల బొమ్మ పెట్టారు (గౌరవమనే అనుకున్నాను). ఆ తర్వాత ఎవరూ ఏమీ రాయలేదు.

తాడేపల్లిగూడెం మేనత్తకి ఫోనులో అంతా వివరించాను. ఆవిడ ఓపిగ్గా విని, "దానికి అన్నం పెట్టక్కర్లేదు కదా నాన్నా?" అంది.

"అక్కర్లేదు అత్తయ్యా."

"అయితే ఉంచుకో. ఇంట్లో తోడుగా ఉంటుంది."

ఏడాదిపాటు ఉంచుకున్నాను. తప్పులు వెతికి దిద్దేవాణ్ణి. ఆ ఉత్తరాల చోట ప్రశ్న నేనే రాసి, మర్నాడు జవాబు నేనే రాసి, నాకు నేనే కృతజ్ఞతలు చెప్పుకున్న రోజులున్నాయి. ఒక్క ముదినేపల్లి రైతే ప్రతి సోమవారం ఫోను చేసి, ప్రోగ్రామ్ బ్రహ్మాండంగా నడుస్తోందని చెప్పేవాడు. ఆ ఒక్క మాట మీదే వారమంతా నిటారుగా నడిచేవాణ్ణి.

ఓసారి చెప్పకుండా వెళ్లాను. ఏరేటర్లు చక్కగా తిరుగుతున్నాయి. గట్టు మీది షెడ్డులో, నా ప్రోగ్రామ్ కోసం నేను పెట్టించిన చిన్న కంప్యూటర్ మీద మేత సంచి కప్పి ఉంది. పక్కన ఏరేటర్లను నడుపుతూ, ఎవరో బిగించిన కొత్త పెట్టె ఒకటి మినుకుమంటోంది. రైతు కంగారుగా వచ్చి, సంచి లాగి, కండువాతో దుమ్ము తుడిచి, నా కంప్యూటర్ ప్లగ్గు పెట్టబోయాడు.

"ఎన్నాళ్లయిందండీ?" అన్నాను.

"కంపెనీ వదిలేసిందని తెలిసిన వారమేనండీ. చేపలు ప్రాణమున్నవి కదండీ, ఉండబట్టలేక మార్పించేశాను."

"మరి ఆ సోమవారం ఫోనులు?"

ఆయన ప్లగ్గు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. "తమరు ఒక్కరే ఉంటారు కదండీ, బాబుగారూ."

కొబ్బరిబొండం ఇస్తే తాగి, వెన్ను వంచకుండా బస్సులో కూర్చుని వచ్చేశాను. ఇప్పుడు నలుగురితోపాటు ఓ ఆఫీసులో, నలుగురూ వాడే భాషలోనే రాస్తున్నాను. ఆయన సోమవారం ఫోను మాత్రం మానలేదు. చేపల సంగతులు చెబుతాడు. వింటూ, ఒంటరిగా వంశపు పరువు మోసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను.

ఆ పెద్ద కంప్యూటర్ కొనడానికి టేకు బల్ల అమ్మేశాను. అది ద్వారకా తిరుమలలో ఓ కాఫీ హోటల్ ముందు ఉంది.