ఈరన్న చెప్పలేదని నేనన్న మాట

ఎనిమిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. పెద్ద మాటేం కాదు. "నాతో ఎవరూ చెప్పలేదు" అన్నాను, అంతే. అది అబద్ధం. ఆ అబద్ధంతో ఒక మేస్త్రి చేతిలోంచి తాపీ జారిపోయింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఇంట్లోవాళ్ళతో చెప్పే ధైర్యం ఇన్నేళ్ళలో ఒక్క పూట కూడా రాలేదు.

ఇది రాస్తుంటే నాకు ఏడుపు రావడం లేదు. ఒళ్ళు మండుతోంది. ఎవరి మీద అంటే మొదట మా ఇంటి పని ఒప్పుకున్న కాంట్రాక్టరే కళ్ళముందు కనబడతాడు. ఇన్నేళ్ళూ అతని మీది కోపం చాటునే దాక్కున్నానేమో. అతను మంచివాడు కాదు, అది నిజం. నేను ఎలాంటివాణ్ణో చెప్పడానికి ఆ నిజం ఒక్కటీ సరిపోదు కదా?

మాది హగరి దగ్గర ఒక క్యాంపు, వలస వచ్చిన ఆంధ్ర రైతుల ఊరు. తుంగభద్ర కాలువ నీళ్ళను నమ్ముకుని మా తాతగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వరి పెట్టారు. మా ఇల్లు మడి ఒడ్డునే ఉంటుంది. మా ఆవిడకు మోకాళ్ళు పట్టేసి నాలుగడుగులు వేయలేని స్థితి వచ్చినప్పుడు, బళ్ళారిలో డాక్టరు రోజూ నీళ్ళలో నడవమన్నాడు. ఇంటి వెనక చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించాను. గేదెలకు తొట్టి కట్టించానని క్యాంపంతా నవ్వింది. నవ్వుకోనిచ్చాను. ఆమె పొద్దున్నే గంటసేపు ఆ నీళ్ళలో అటూ ఇటూ నడిచేది. ఆర్నెల్లకు చేతికర్ర తలుపు వెనక పెట్టేసింది. ఆ పూల్ మాకు షోకు కాదు, ఆమె కాళ్ళు.

రెండో ఏడు అది కారడం మొదలైంది. పొద్దున నింపితే సాయంత్రానికి జానెడు దిగిపోయేది. ఎవరో చెబితే బళ్ళారి నుంచి ఈ కాంట్రాక్టరును పిలిపించాను. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు, నోరు తెరిస్తే పెద్ద మాటలు. పదిహేను రోజుల్లో చుక్క కారకుండా చేసిస్తానన్నాడు. నీళ్ళన్నీ తోడించాడు, అడుగున టైల్సు పగలగొట్టించాడు, మాయమైపోయాడు. ఫోన్ చేస్తే "దారిలో ఉండా సార్, వస్తాండా" అనేవాడు. ఆ దారి ఎక్కడిదో గాని రెండు నెలలు నడిచినా మా ఇంటికి చేరలేదు. సామాను రాలేదన్నాడు. వాళ్ళ అత్తగారు పోయిందన్నాడు. నెల తర్వాత మళ్ళీ ఆ అత్తగారే పోయింది. తోరణగల్లు వైపు పెద్ద పని దొరికి అక్కడ కూర్చున్నాడని తర్వాత తెలిసింది. ఏ లోపం ఎత్తి చూపినా ఒకటే జవాబు: "అది ఈరన్నకు చెప్పినా సార్, వాడే చేయలే." ఎప్పుడూ తప్పు కింద పనిచేసేవాడిదే. ఆ గుణం చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఈలోపు మా ఆవిడ తలుపు వెనక కర్ర మళ్ళీ తీసుకుంది. ఆ టకటక శబ్దం వింటూ అన్నం తినేవాణ్ణి.

ఈరన్న కూరెకుప్ప మనిషి, మేస్త్రి. యాభై దాటి ఉంటాయి. మా చుట్టుపక్కల క్యాంపుల్లో నీళ్ళ తొట్లు, వడ్లు ఆరబోసే కళ్ళాలు సగం అతని చేతివే. తక్కువ మాట్లాడతాడు. కాంట్రాక్టరు పంపిన రోజు బస్సు దిగి వచ్చేవాడు, సామాను ఉన్నంతవరకు పనిచేసి వెళ్ళేవాడు.

ఒక మధ్యాహ్నం పని ముగించి, చేతులు కడుక్కుని, మడి గట్టు మీద ఉన్న నా దగ్గరికి వచ్చాడు. కాలువ వదిలే రోజులు దగ్గరపడ్డాయి. "అన్నా, తొట్టి ఖాళీగా ఉన్నన్ని దినాలు ఈ పక్క మడికి నీళ్ళు ఇడవొద్దు," అన్నాడు. "నేల తడిసి నీళ్ళు అడుగు నుంచి ఎత్తుకుంటాయి. తొట్టిని పైకి నూకుతాయి. ఈ ఒక్క మడికే, స్వల్ప తాళన్నా." నేను నవ్వాను. నీళ్ళ గురించి మాకు నువ్వు చెబుతావా ఈరన్నా అన్నాను. అతను బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు.

నేనెందుకు నవ్వాను? ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను నన్ను నేను. మూడు తరాలుగా మేము చూసిన నీళ్ళు పై నుంచి కిందికే పోతాయి. కాలువ నుంచి తూముకు, తూము నుంచి మడికి, మడి నుంచి మురుగు కాలువకు. కింద నుంచి పైకి తన్నుతాయని ఎప్పుడైనా విన్నామా? అదొక్కటేనా కారణం? కాదు. రోజుకూలికి వచ్చిన మేస్త్రి, కాలువ కింద పుట్టి పెరిగిన నాకు నీళ్ళ సంగతి నేర్పుతున్నాడని లోపల ఎక్కడో చురుక్కుమంది. అది ఒప్పుకోవడానికి కూడా నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.

కాలువ వదిలారు. నారు ముదురుతోంది. నాట్లకు ఆడవాళ్ళను మాట్లాడేశాను. కాలువ కింద బతికేవాడు తూము దాకా వచ్చిన నీళ్ళను వద్దనడు, మా వాళ్ళలో అలాంటివాణ్ణి నేను చూడలేదు. ఇంటి పక్క మడి ఒక్కటి వదిలేసి మిగతావి పెట్టుకోవచ్చు. అర ఎకరం లేదు అది. వదిలేయవచ్చు. ఈరన్న మాట గుర్తొచ్చింది కూడా. తూము పలక మీద చెయ్యి వేసినప్పుడు కచ్చితంగా గుర్తొచ్చింది. ఎత్తాను.

నాట్లు పడిన నాలుగో రోజు పొద్దున మా ఆవిడ పిలిచింది. పూల్ అడుగు పూరీలా ఉబ్బి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకు నెర్రె విచ్చి, అందులోంచి బురదనీళ్ళు ఊరుతున్నాయి. ఆమె కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంక నేను నడిచినట్టేలే అంది. ఆమె ముఖం చూడలేక కాంట్రాక్టరుకు ఫోన్ చేసి నోటికి వచ్చినట్టు తిట్టాను. రెండు నెలలు రానివాడు ఆ రోజు రెండు గంటల్లో వచ్చాడు. ఈరన్నను వెంట తెచ్చాడు.

అప్పటికి పక్కింటివాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి ఉన్నారు. మా ఆవిడ వెనక అరుగు మీద కూర్చుంది.

కాంట్రాక్టరు మడి చూశాడు, పూల్ చూశాడు. "ఏంది సార్ ఇది? ఖాళీ పూల్ పెట్టుకొని పక్క మడికి ఎవరన్నా నీళ్ళు పెడతారా?"

"పెట్టకూడదని నాకెవరు చెప్పారు?" అన్నాను.

అతను ఈరన్న వైపు తిరిగాడు. "ఏమప్పా, సావుకారికి చెప్పమంటిని కదా నీకు. చెప్పలేదా?"

"చెప్పినా," అన్నాడు ఈరన్న. నా వైపు చూశాడు. "చెప్పినా కదన్నా, ఆ పొద్దు గట్టు మింద. మీరు నగినారు గూడా."

మా ఆవిడ నన్నే చూస్తోంది. "గట్టు మీద మాట్లాడావు ఈరన్నా, కాదనను. నీళ్ళ సంగతి మాత్రం ఎత్తలేదు. నాతో ఎవరూ చెప్పలేదు."

ఈరన్న పక్కన నిలబడ్డవాళ్ళందరినీ ఒకసారి చూశాడు. అందరూ మావాళ్ళే. "సరేన్నా," అన్నాడు. "నేనే మరిసిపోయింటా."

ఆ మాటతో అయిపోయింది. కాంట్రాక్టరు అక్కడికక్కడే అతన్ని నానా మాటలూ అన్నాడు. కూలి లేకుండా మొత్తం మళ్ళీ చేసివ్వాలన్నాడు. ఈరన్న చేశాడు. ఇరవై రోజులు ఎండలో అడుగు పగలగొట్టి, ఎత్తి పోసి, కొత్తగా వేశాడు. ఈసారి నేను పక్క మడి ఎండగట్టాను. ఎందుకు ఎండగట్టానో ఎవరూ అడగలేదు. నాటిన పైరు పసుపుపచ్చగా మారి చచ్చిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను. మా ఆవిడ ఆ ఇరవై రోజులూ అతనితో ముక్క మాట్లాడలేదు. అందరికీ మజ్జిగ ఇచ్చే మనిషి, అతనికి ఇవ్వలేదు. నా మాట నమ్మి ఇవ్వలేదు. ఆ చెంబు నేనైనా తీసుకెళ్ళి ఇచ్చి ఉండొచ్చు. ఇస్తే ఎందుకిచ్చావని అడుగుతుందని భయం.

అతను వేసిన అడుగు ఈనాటికీ చుక్క కారలేదు. మా ఆవిడ ఈ పొద్దున కూడా ఆ నీళ్ళలో నడిచింది.

క్యాంపుల్లో మాట ఎంతసేపట్లో తిరుగుతుందో మీకు తెలియకపోవచ్చు. ఒక పెళ్ళి చాలు. అజాగ్రత్త మనిషి, చెప్పాల్సింది చెప్పడు, నా కాళ్ళతో ఆడుకున్నాడు అని మా ఆవిడ బాధకొద్దీ నలుగురితో అంది. ఎవరూ మళ్ళీ అతన్ని పిలవలేదు. కాంట్రాక్టరు మాత్రం బాగానే ఉన్నాడు. ఇంకో ఫోన్ కూడా కొన్నాడేమో.

అతను రెండు నెలలు ఆలస్యం చేయకుండా చెప్పిన గడువుకు ముగించి ఉంటే కాలువ వచ్చేనాటికి పూల్ నిండి ఉండేది కదా? ఉండేది. చెప్పాల్సిన మాట తను చెప్పకుండా మేస్త్రి మీదికి తోశాడు కదా? తోశాడు. ఈ లెక్క నేను వెయ్యిసార్లు వేసుకున్నాను, ప్రతిసారీ అతనే దోషిగా తేలాడు. అయినా ఆ గట్టు మీద నవ్వింది అతను కాదు, తూము ఎత్తింది అతను కాదు. తప్పు కిందివాడి మీదికి నెట్టేవాడని అతన్ని అసహ్యించుకున్నాను. అతనికి అది అలవాటు. నేను నేర్చుకోవడానికి ఒక్క పూట పట్టింది.

కొన్ని నెలల కిందట సంగనకల్లు రోడ్డులో మా బంధువు ఇల్లు కట్టిస్తుంటే చూడ్డానికి వెళ్ళాను. కలిపిన సిమెంటు బాండ్లీలో నింపి నెత్తిన పెట్టుకుని ఒకతను నిచ్చెన దగ్గరికి వస్తున్నాడు. ఈరన్న. పైన తాపీ పట్టుకున్న మేస్త్రికి అతని కొడుకు వయసు ఉంటుంది. నన్ను చూసి ఆగాడు. "బాగుండారా అన్నా? అమ్మ నడుస్తాండాదా?" అన్నాడు. నడుస్తోందన్నాను. "అంతే చాలప్పా," అని నిచ్చెన ఎక్కాడు. ఎగతాళి లేదు అందులో. ఉంటే బాగుండేది. నా ముఖాన ఉమ్మేసినా ఇంత మంట పుట్టేది కాదు.

మా బంధువు అన్నాడు: "ఇతను ఒకప్పుడు మేస్త్రేనంట. ఎక్కడో క్యాంపులో పని పాడు చేశాడని ఎవరూ తాపీ ఇవ్వరు. మీ వైపేనంట, నీకు తెలుసా?"

అక్కడ చెప్పొచ్చు. మా ఆవిడ లేదు, కాంట్రాక్టరు లేడు, పక్కింటివాళ్ళు లేరు. ఒక్కడే మనిషి, ఒక్కటే మాట. "అవునా," అన్నాను.

ఎనిమిదేళ్ళ కిందట చెప్పిన అబద్ధానికి కంగారని, కోపమని, ఆవిడ కాళ్ళని ఏవో సాకులు ఉన్నాయి. ఈ "అవునా"కు ఏం సాకు చెప్పను? ఆ రోజు నుంచి నిద్ర సరిగ్గా లేదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. అతన్ని అడిగితే "పోనీలేన్నా" అంటాడని తెలుసు, అందుకే అడగడానికి కూడా భయం.

ఇంతా రాసి కింద నా పేరు రాయలేదు, చూశారా. పేరు లేని ఈ కాగితంతో ఈరన్నకు ఎవరూ తాపీ తిరిగి ఇవ్వరు. అదీ నాకు తెలుసు. అయినా రాస్తున్నాను: చెప్పాడు. ఈరన్న నాకు చెప్పాడు, నేను విన్నాను. రాశాక గుండె కొంచెం తేలికపడింది. తేలికపడినందుకు నా మీద నాకే మండుతోంది.