చెవి పట్టుకుని పలికిన పేరు

కడప నుంచి రాజంపేట వెళ్లే బస్సులో నా పక్కన క్లారినెట్ పెట్టెతో ఒక సాయిబు కూర్చున్నాడు. ఆయన కూనిరాగం తీస్తున్నది మా తాత రాసిన క్రైస్తవ కీర్తన. మా గుంటూరు సంఘంవాళ్లు పాటల పుస్తకంలో తాత పేరు తీసేసి ‘అజ్ఞాత కవి’ అని వేశారు. ఈ అన్యాయం కనబడినవాళ్లందరికీ చెబుతాను. ఆయనకూ చెప్పాను.

"సావు ఊరేగింపుల్లో ఈ పాట శానా వాయించినా. రాసిందెవరో ఒక్కరూ చెప్పలే. పేరేందప్పా?"

"యోహాను."

ఆయన చెవి తమ్మె పట్టుకుని, "యోహాను సాబ్" అన్నాడు.

"చెవి ఎందుకు పట్టుకున్నారు?"

"ఉస్తాదుల పేరు ఉత్తగా పలకగూడదప్పా."

ఇంటికొచ్చి సంఘానికి మళ్లీ ఫిర్యాదు రాశాను. తాత పేరు దగ్గర నా ఎడమచెయ్యి చెవి మీదికి పోయింది.