నాలుగు స్టూళ్ళ గది

"పిల్లని ఎత్తుకుని ఉన్నప్పుడు నీకు కళ్ళు తిరిగితే?"

అడిగేశాక నాలిక కరుచుకున్నాను. ఎన్నాళ్ళుగానో మనసులో నలుగుతున్న మాట అది. పెద్దమ్మ మాత్రం చేతిలో సూది ఆపలేదు.

"ఎత్తుకుంటే కదా! నేను కింద కూర్చుంటాను, అదే నా మీదికి ఎక్కుతుంది. నేనేమైనా లిఫ్టునా?"

పెద్దమ్మ మా అమ్మకి అక్క. ముప్పై ఏళ్ళుగా పుస్తకాలు బైండింగ్ చేస్తోంది. వీధి వైపు గదే ఆమె దుకాణం. లైబ్రరీల నుంచి వెన్ను విరిగిన పుస్తకాలు వస్తాయి. పాత కుట్టు విప్పి, కాగితాలు సర్ది, కొత్త దారంతో కుట్టి, అట్ట వేసి పంపుతుంది. పదకొండేళ్ళ క్రితం, సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోవడం, సూది మీద పట్టు జారడం మొదలైంది. నరం పంపిన కబురు కండరానికి సరిగా చేరని జబ్బు అన్నారు. పూర్తిగా పోయేది కాదు, అదుపులో పెట్టుకునేది. మూడేళ్ళుగా దానికి తోడు కళ్ళు తిరగడం. లేచి నిలబడితే రక్తపోటు పడిపోతోందని, అందులో జబ్బు వాటా ఎంతో, మందుల వాటా ఎంతో తేల్చి చెప్పలేనని డాక్టరమ్మ అంది.

నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఆదివారంతో నా సెలవు అయిపోతుంది, సోమవారం మళ్ళీ పనిలో చేరాలి. ఏడాది నిండిన పిల్లని తన దగ్గర వదలమని పెద్దమ్మే అడిగింది. వద్దంటే ఆమె మనసు నొచ్చుకుంటుంది, సరే అంటే నాకు నిద్ర పట్టదు. చదువుకున్న బుద్ధి ఊరుకోదు కదా, బీపీ మిషన్ కొన్నాను. ఆ వారమంతా ఆ గదిలోనే తిష్ఠ వేసి, ఆమె పడుకున్నప్పుడు ఒకసారి, లేచాక ఒకసారి కొలిచి నోటుబుక్కులో రాశాను.

"నన్ను కూడా సీసాలో పోసి ల్యాబుకి పట్టుకుపోవే," అంది నాలుగో రోజు.

ఆ గదిలో నాలుగు స్టూళ్ళున్నాయి. వాటికో వరసా పాడూ లేదు. ఒకటి గుమ్మం దగ్గర, ఒకటి కుట్టిన పుస్తకాలు బిగించే ఇనప ప్రెస్సు పక్కన, ఒకటి జిగురు కలిపే బల్ల దగ్గర, ఇంకొకటి గది నట్టనడుమ ఊరికే. మా బుడంకాయ అప్పుడప్పుడే అడుగులు వేస్తోంది. శుక్రవారం పొద్దున పెద్దమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు నాలుగింటినీ గోడ వారకి జరిపేశాను. గది ఎంత విశాలంగా ఉందో అని మురిసిపోయాను కూడా.

పెద్దమ్మ తల తుడుచుకుంటూ, పిల్లతో ఏదో అంటూ లోపలికి వచ్చింది. గది మధ్యకి వచ్చేసరికి మాట ఆగిపోయింది. ఎడమ చెయ్యి పక్కకి చాపింది. అక్కడేమీ లేదు. చెయ్యి గాలిలో రెండుసార్లు వెతికింది. నేను లేచేలోపే ఆమె మోకాళ్ళు వంచి, ఉన్నచోటే చతికిలబడి, తల కిందికి దించేసింది. అదేదో ఆట అనుకుని బుడంకాయ పక్కనే చతికిలబడి చప్పట్లు కొట్టింది.

కాసేపటికి పెద్దమ్మ తలెత్తింది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"నా స్టూలేదే?"

"పిల్లకి తగులుతుందని..."

"అవి సామాను అనుకున్నావా? నా కాళ్ళే అవి! గుమ్మం నుంచి బల్లకి పది అడుగులు. ఆరో అడుగులో నాకు తేడా చేస్తుంది. వాటి చోట్లు కనిపెట్టడానికి ఏడాది పట్టింది నాకు. అన్నీ కొలిచావు గానీ, ఇది ఇక్కడెందుకుంది పెద్దమ్మా అని ఒక్కసారైనా అడిగావా?"

నోటుబుక్కు నిండా అంకెలు. స్టూళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

"కోపమొచ్చిందా?"

"కోపం తర్వాత. ముందు స్టూళ్ళు పెట్టు."

పెట్టాను. ఆమె చూపించిన చోట్ల సుద్దముక్కతో గుర్తులు గీశాను. పిల్లకి దెబ్బ తగలకుండా స్టూళ్ళ అంచులకి బైండింగ్ గుడ్డ చుట్టాం.

"స్టూలు లేకపోయినా పడలేదే!" అన్నాను.

"పడేదాకా ఎవరు ఆగుతారు? ముందు చెవుల్లో హోరు వస్తుంది. ఇంకో రెండడుగులేగా అని మొండికేసి ఒకసారి ప్రెస్సు మీద పడ్డాను. గడ్డం కింద ఈ కుట్లు అప్పటివే. మీ పెదనాన్న చూసి, 'బైండింగ్ బాగా కుదిరింది' అన్నాడు."

సోమవారం పిల్లని వదిలి వెళ్ళాను. షరతులు ఆమే పెట్టింది: ఇద్దరూ నేల మీదే ఉంటారు, వీధి తలుపుకి గడియ, పిల్ల పడుకున్నాకే సూది బయటికి వస్తుంది. బీపీ మిషన్ ఇప్పుడు వారానికోసారి ఆమే పెట్టుకుంటుంది.

ఎనిమిది నెలలైంది. నా భయం పోలేదు. మొన్న పిల్లకి జ్వరమొస్తే ఫోనులో నలుగురు డాక్టర్ల నంబర్లు ఒకేసారి వెతుకుతున్నాను, చెవుల్లో హోరు నాకే మొదలైంది. ఫోను పక్కన పెట్టి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఊపిరి కుదుటపడ్డాకే థర్మామీటరు అందుకున్నాను. ఆ శుక్రవారం సుద్దముక్క నా చేతికిస్తూ పెద్దమ్మ చెప్పింది ఇదే:

"నీకూ తిరుగుతుంటుంది లేవే, కళ్ళు కాదు, బుర్ర. అలా అనిపించగానే ఎక్కడుంటే అక్కడ కూర్చో. ఎవరు చూసినా సరే. ఎందుకు కూర్చున్నావో తర్వాత చెప్పుకోవచ్చు."