మనిషిని వదిలారు, పెట్టెను ఉంచుకున్నారు

మా ఆయన తాళాలు బాగుచేసేవాడు. మార్కెట్టు గేటు పక్కన, చెప్పులు కుట్టే ఆయన గొడుగుకీ గోడకీ మధ్య ఒక రేకు బల్ల, దాని మీద ఇనుము అరగదీసే ఆకురాళ్ళు, పట్టకారు, తీగకు గుచ్చిన వందల తాళంచెవులు. పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ తాళాలాయనే. తాళాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, లోపల మీట కదిలే చప్పుడు వినేవాడు. పక్కన నిలబడి నేను గొంతు పోయేలా అరిచినా వినపడేది కాదు గానీ, ఆ చప్పుడు మాత్రం వినపడేది. “ఇనుముకున్న విలువ ఇల్లాలికి లేకపోయె” అని తిట్టేదాన్ని. నవ్వేవాడు.

ఒకసారి బట్టలకొట్టు ఆసామి ఇంట్లో దొంగతనం జరిగింది. తలుపు పగల్లేదు, గొళ్ళెం విరగలేదు, తాళం నిక్షేపంగా ఉంది. మూడు వారాల ముందు ఆ ఇంటికి మారు తాళంచెవి చేసిచ్చింది మా ఆయనే. ఇంకేం, పొద్దున్నే ఇద్దరు పోలీసులొచ్చి ఆయన్నీ, పనిముట్ల పెట్టెనీ పట్టుకుపోయారు. రోజంతా అడిగిందే అడిగి, మర్నాడు మధ్యాహ్నం పంపించేశారు. పెట్టె మాత్రం ఇవ్వలేదు.

నేనేం చదువుకున్నదాన్నా? వదిలేశారంటే అయిపోయిందనుకున్నాను. మా ఆయన కడిగిన ముత్యంలా బయటికొచ్చాడని వీధంతా చాటాను. ఎదురింట్లో ప్లీడరు గుమాస్తా ఒకాయన ఉండేవాడు. ఆయన విని తల అడ్డంగా ఊపాడు.

“తొందరపడకు వదినా. వాళ్ళు వదిలింది మనిషిని, కేసుని కాదు.”

“అదేం మాటయ్యా! తప్పు లేదనేగా పంపింది?”

“ఇప్పటికి సాక్ష్యం చాలలేదని పంపారు. రేపు కొత్తది ఏదైనా దొరికితే మళ్ళీ పట్టుకెళ్ళి కేసు పెట్టొచ్చు.”

“ఎన్నాళ్ళదాకా?”

“మూసేశామని కాగితం వచ్చేదాకా.”

“నీ నోట ఒక్క మంచిమాట వస్తే నాలుక అరిగిపోతుందా?” అని తలుపేసుకున్నాను గానీ, ఆ మాట నాతోపాటే ఇంట్లోకొచ్చేసింది.

అప్పట్నించి మా ఆయన తాళం ముట్టుకోలేదు. ముట్టుకుంటే దాన్నే పట్టుకుని ఏదో ఒకటి అంటారని భయం. కానీ సోమవారం వస్తే చాలు, పెట్టె కోసం స్టేషనుకి బయల్దేరేవాడు. “అవసరమైతే కబురు పెడతాంలే” అని పంపేసేవాళ్ళు. పడుకున్న కుక్కను లేపి కరిపించుకోవడం ఎందుకయ్యా అంటే, “ఆ పెద్ద ఆకురాయి మా నాన్నదే. వాళ్ళు నూనె రాస్తారా పాడా, తుప్పు పట్టేస్తుంది” అనేవాడు. చంటిబిడ్డను పొరుగింట్లో వదిలొచ్చినట్టుండేది ఆయన వాలకం. అన్నం తిన్నాక కంచం అంచు మీద వేలితో రుద్దుతూ కూర్చునేవాడు, ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. కూరలు తెమ్మని మార్కెట్టుకి పంపితే ఉత్త సంచితో తిరిగొచ్చేవాడు. గేటు దగ్గర తన చోటు చూస్తూ నిలబడిపోయేవాడట!

ఇలా ఏడు నెలలు. ఒకరోజు పొద్దున్నే గుమాస్తా భార్య పరుగెత్తుకొచ్చింది.

“అక్కా! బట్టలు ఆరేస్తుంటే గాలికి తలుపు మూసుకుని తాళం పడిపోయింది. పిల్ల లోపలుంది. పొయ్యి మీద పాలున్నాయి!”

మా ఆయన వచ్చాడు గానీ, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తలుపు సందులోంచి మాడు వాసన. లోపల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

“నేను ముట్టుకోనే. గొడ్డలి తెమ్మను, పగలగొడదాం.”

“గొడ్డలి తెచ్చేలోగా పిల్ల మిగలదు. ఆ చేతులు నీవా, పోలీసులవా?”

కొప్పులోంచి పిన్ను లాగి ఆయన చేతిలో పెట్టాను. చెవి తలుపుకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఇలా ఊపిరి బిగబట్టానో లేదో, తలుపు తెరుచుకుంది. పిల్ల దక్కింది. పాలగిన్నె బొగ్గయింది.

ఇక చూడండి ఆవిడ సంబరం. మొగుడు ప్లీడరు గుమాస్తా అయితే ఏం, ఆవిడ నోటికి తాళం వేసే పనిమంతుడు ఇంకా పుట్టలేదు. “పిన్నుతో తీశాడమ్మా, రెప్పపాటులో!” అని కుళాయి దగ్గరా కొట్టు దగ్గరా ఒకటే పొగడ్త. మంచిమాటే, కాదనను. మంచిమాటకీ కాళ్ళుంటాయి. నెల తిరక్కుండా అది స్టేషనుదాకా నడిచింది. తాళంచెవి లేకపోయినా ఎలాంటి తలుపైనా తీయగలడని ఇద్దరిచేత చెప్పించి, ఆ పాత దొంగతనానికి ఆయన మీద కేసు పెట్టేశారు.

సమన్లు వచ్చిన రోజు నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

“ఆ పిన్ను ఇచ్చింది నేనే కదయ్యా!”

“ఇవ్వకపోతే ఆ పిల్లేమయ్యేది? ఊరుకో. ఇన్నాళ్ళూ ఏదీ తేల్చకుండా నానబెట్టారు. ఇప్పుడైనా నేను చెప్పేది విని రాసుకునే చోటికి పోతున్నాను.”

ఏడాది నడిచింది. గుమాస్తా తన ప్లీడరునే పెట్టించాడు. గుమాస్తా భార్య బోనెక్కి, “అయ్యా, తాళం తీయడం వచ్చిన ప్రతివాడూ దొంగైతే, వంట వచ్చిన ప్రతి ఆడదీ విషం పెట్టినట్టేనా?” అని అడిగేసింది. అడిగినదానికి జవాబు చెప్పమ్మా అని జడ్జిగారు గదిమారు. చివరికి సాక్ష్యం లేదు, నిర్దోషి అని తీర్పు చెప్పారు. పెట్టె కూడా ఇప్పించారు.

“మళ్ళీ వదిలేసి మళ్ళీ పెట్టరుగా?” అన్నాను గుమాస్తాతో.

“కోర్టు నిర్దోషి అన్నాక అదే నేరానికి మళ్ళీ పెట్టకూడదు వదినా. పైకోర్టుకి పోవాలంతే. దీనికి ఎవరు పోతారు?”

కోర్టు బయట బస్సు రాగానే చెయ్యెత్తాను. మా ఆయన నా చెయ్యి దించాడు.

“కాసేపు కూర్చుందామే. ఇవాళ ఎక్కడికీ పోవక్కర్లేదు.”

ఆ స్టాపులో బల్ల ఇరుకు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. నాలుగు బస్సులు వెళ్ళిపోయాయి. ఆయనేం మాట్లాడలేదు, నేనూ నోరు మూసుకున్నాను, అదే వింత. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నా పక్కన ఊరికే కూర్చున్నది ఆ ఒక్క పూటే.

తర్వాత పదకొండేళ్ళు ఆ గేటు దగ్గరే పనిచేసి పోయాడు. ఇప్పుడు బస్సులో కోర్టు మీదుగా వెళ్తుంటే ఆ స్టాపు దగ్గర లేచి నిలబడతాను. “దిగుతావా మామ్మా?” అంటాడు కండక్టరు. దిగి ఏం చేస్తాను? లేదులే నాయనా, పోనివ్వు అంటాను.