అంగుళం ఎక్కువ మింగిన దర్జీ

మా వీధి మలుపులో మిషను పెట్టుకున్న దర్జీని అందరం అంగుళం మావయ్య అంటాం. ఎవరు గుడ్డ తెచ్చినా లోపల ఓ అంగుళం ఎక్కువ మడిచి కుడతాడు. "లావైతే విప్పుకోవచ్చు. ఎక్కువుంటే ఎప్పుడూ చేటు లేదమ్మా" అంటాడు. గుడ్డతో ఆగితే బాగుండేది. ఒంటికి కూడా అదే లెక్క పెట్టాడు.

కొలెస్ట్రాల్ పెరిగిందని డాక్టరమ్మ రోజుకో మాత్ర రాసింది. "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగింది కూడా. "అబ్బే, ఏం లేవండీ" అన్నాడీయన. ఇంట్లో గుండీల డబ్బా పక్కన బావమరిది తెచ్చిన విటమిన్ సీసాలు నాలుగు వరసగా కూర్చున్నాయి. అవి మందులు కావట, తిండితో సమానమట! అందులో బి3 సీసా అసలే గట్టి మోతాదుది. రోజుకొకటి అని రాసుంటే ఈయన రెండు మింగేవాడు. అంగుళం ఎక్కువ మరి.

ఓ రోజు మాత్రలు మింగిన అరగంటకి టీచరమ్మ కొలతలివ్వడానికి వచ్చింది. టేపు ఆవిడ భుజం మీద పెట్టాడో లేదో, మావయ్య ముఖం, మెడ, చెవులు ఎర్రగా కందిపోయాయి. టీచరమ్మ వెళ్ళగానే అత్తయ్య నడుం మీద చేతులు పెట్టింది.

"ముప్పై ఏళ్ళ కాపురంలో నన్ను చూసి ఒక్కసారైనా ఇంత సిగ్గుపడ్డారా?"

"సిగ్గు కాదే, మంట! చెవులు కాలిపోతున్నాయి!"

"కాలవూ మరి!"

ఆ మంట చల్లారింది గానీ నాలుగు రోజులకి తొడలు పట్టేశాయి. మిషను తొక్కితే "అమ్మా" అంటున్నాడు. ముప్పై స్కూలు యూనిఫారాలు కుట్టాలి, తొక్కడానికి కాళ్ళు లేవు. "మిషను అమ్మేస్తానే. ఆ కొలెస్ట్రాల్ మాత్రే నా కాళ్ళు తినేసింది. రేపట్నుంచి మానేస్తా" అని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అత్తయ్య సీసాలన్నీ గుండీల డబ్బాలో వేసుకుని, మొగుణ్ణి రిక్షా ఎక్కించి, డబ్బాని డాక్టరమ్మ బల్ల మీద బోర్లించింది.

డాక్టరమ్మ బి3 సీసా పైకెత్తి చూసింది. "ముఖం ఎర్రబడేది దీనికే. ఇంత మోతాదు ఆ మాత్రతో కలిస్తే కొందరికి కండరాలు దెబ్బతింటాయి. ఎందుకు చెప్పలేదు?"

"విటమినే కదండీ, ఎక్కువుంటే చేటేముందని..."

"గుడ్డయితే విప్పుతారు. కండరాన్ని ఎక్కడ విప్పుతారు?"

రక్తం పరీక్ష చేయించింది. అదృష్టం, పెద్ద దెబ్బేం లేదు. బి3 ఆపించింది. కొలెస్ట్రాల్ మాత్ర సొంతంగా మానొద్దని, నొప్పి మళ్ళీ వచ్చినా మూత్రం నల్లబడినా వెంటనే రమ్మని చెప్పింది. మిగతా మూడు సీసాలు చదివి ఒకటి చాలంది.

రెండు వారాలకి మిషను చప్పుడు మళ్ళీ వీధంతా వినబడింది. ముప్పై యూనిఫారాలూ అయిపోయాయి. ఇప్పుడు కొలతల పుస్తకం మొదటి పేజీ మావయ్యదే. నడుము, ఛాతీ, వాటి కింద మింగే మాత్రలన్నీ. ఆస్పత్రికి ఆ పుస్తకం చంకన పెట్టుకునే వెళ్తాడు.

మొన్న బావమరిది కొత్త సీసా తెచ్చాడు. "డాక్టరమ్మ చూసి సరేననాలి, అప్పుడే మూత తీసేది" అని మావయ్య దాన్ని పక్కన పెట్టేశాడు. అంతలో టీచరమ్మ వచ్చింది. "మావయ్యగారూ, ఈసారి ఎర్రబడలేదేం? నేనంటే మోజు తీరిపోయిందా?" అని నవ్వింది.

మావయ్య చెవుల దాకా ఎర్రబడ్డాడు.

లోపల్నుంచి అత్తయ్య కేకేసింది. "ఏమండోయ్, ఇది ఏ సీసాలోది?"